మెట్ల కింద వద్దు

బస్సు డిపోలో ఇరవై ఆరేళ్ళు కరెంటు పని చేసి రిటైరైన ఆవిడను వీధంతా డిపో అత్త అనేవారు. కూతురూ అల్లుడూ ఉండే మేడింట్లోనే ఉంటోంది. కూతురు పై గదిలో బట్టలు కుట్టేది. కరెంటు పోయినప్పుడల్లా మిషను ఆగిపోయేది. డాబా మీద సోలార్ పలకలైతే పెట్టించారు గానీ ఆ కరెంటు దాచుకోవడానికి బ్యాటరీలు లేవు. ఆ పని అత్త నెత్తికెత్తుకుంది.

"మెట్ల కింద ఖాళీయేగా అత్తయ్యా, అక్కడ పెట్టేద్దాం," అన్నాడు అల్లుడు.

"పైనుంచి దిగడానికి ఉన్నది ఆ ఒక్క దారే కదా అల్లుడుగారూ. అక్కడ పొగొస్తే మీ ఆవిడ కిటికీలోంచి దూకాలా?"

అతను ఊరుకోలేదు. ఎక్కడో చవగ్గా దొరికాయని రెండు పాత బ్యాటరీలు మోసుకొచ్చాడు. మరో రెండు కొత్తవి కొని కలిపేద్దామన్నాడు. అత్త వాటిని గుమ్మం దాటనివ్వలేదు.

"నీరసపడ్డవాటితో కలిపి కడితే కొత్తవీ మంచాన పడతాయి. నాలుగూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి."

చివరికి పెరటివైపు పాత సామాన్ల గది ఖాళీ చేయించింది. అక్కడ ఎండ తగలదు. చార్జయ్యేటప్పుడు బ్యాటరీల్లోంచి వచ్చే గ్యాసు పైకే పోతుంది కనక గోడ పైభాగాన రెండు కన్నాలు కొట్టించింది. ఇనుప స్టాండు మీద రబ్బరు పరిచి, నాలుగు కొత్త బ్యాటరీలూ పెట్టించింది. తీగల్లో ఎక్కడ తేడా వచ్చినా ముందు అదే మాడి కరెంటు ఆగిపోయేలా, బ్యాటరీలకు జానెడు దూరంలోనే ఫ్యూజు బిగించింది. అన్నీ అయ్యేసరికి నెలన్నర పట్టింది. "ఇంత చాదస్తమా!" అని అల్లుడు భార్య దగ్గర సణిగాడు. అత్తకు వినపడింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం బయటి కరెంటు లేదు. ఇల్లంతా బ్యాటరీల మీదే నడుస్తోంది. అల్లుడు అల్మరా బిగించడానికి పెరటి గోడకు డ్రిల్లు పెట్టాడు. ఆ గోడలోంచే బ్యాటరీల తీగలు పోతున్నాయని అతనికి తెలియదు. టప్పుమని ఒక మెరుపు మెరిసి డ్రిల్లు ఆగిపోయింది. మేడ మీద మిషనూ ఆగింది. అంతకుమించి ఏమీ కాలేదు.

అత్త పరుగున వచ్చి, "ఏవీ, చేతులు చూపించండి," అంది. రెండూ తిప్పి తిప్పి చూసింది. ఆ తర్వాతే గదిలోకి వెళ్ళింది. ఫ్యూజు మాడిపోయి ఉంది. బ్యాటరీలు చల్లగానే ఉన్నాయి.

"నాదే తప్పు అత్తయ్యా."

"కాదు. తీగ ఎటు పోతోందో గోడ మీద గీత గీయాల్సింది నేను. గొట్టంలోంచి లాగాల్సింది కూడా నేనే. డిపోలో అయితే నన్ను నిలబెట్టి చీవాట్లేసేవాళ్ళు."

ఆ వారంలోనే తీగలన్నీ ఇనుప గొట్టంలోకి మార్చి, గోడ మీద ఎర్రరంగుతో గీత గీసింది. వంకరగా వచ్చిందని కూతురు నవ్వింది. అల్లుడు మాత్రం నవ్వకుండా రంగుడబ్బా పట్టుకుని అత్త వెనకే నడిచాడు.

ఇప్పటికి ఆ వీధిలో ఇంకో మూడిళ్ళకు బ్యాటరీలు వాళ్ళిద్దరూ కలిసే బిగించారు. బేరం మాట్లాడేది అల్లుడు. ఎక్కడ పెట్టాలో చెప్పేది అత్త.