సున్నా పెట్టిన ఏసుపాదం గారు

పటమటలో పిల్లల ఆసుపత్రి పక్కనున్న ల్యాబులో కంప్యూటరు చూసుకునే ఏసుపాదం గారిది చల్లపల్లి. మొదట టీవీలు బాగుచేసేవారు. 2003లో ల్యాబువాళ్లు కంప్యూటరు నడపడానికి లైనక్సు పెట్టుకుంటే, లావుపాటి పుస్తకం ఒకటి కొని నేర్చుకున్నారు. ఆయనకు ఒకటే పట్టుదల: మిషన్ను స్విచ్చి కట్టేసి ఆపకూడదు. పద్ధతిగా ఆపితే, లోపల నడిచే ప్రోగ్రాముల్లో అన్నిటికంటే ముందు లేచిన ప్రాసెస్ మిగతా వాటన్నిటినీ సర్దుకోమని చెప్పి, అందరికంటే చివర తాను ఆగుతుంది. అంతసేపూ ఏసుపాదం గారు నిలబడే ఉండేవారు.

కౌంటరులో కూర్చునే శౌరమ్మ గారు మాత్రం కరెంటు పోయి యూపీయెస్ కీచుమనగానే స్విచ్చి కట్టేసేవారు.

మా బాబుకు పుట్టిన అయిదో రోజున పచ్చకామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో కామెర్ల అంకె పదిహేను దాటితే వెంటనే చేర్చి లైటు కింద పెట్టాలి, రెండింటికల్లా రిపోర్టు తెమ్మన్నారు డాక్టరు గారు. నేను ఒంటిగంటకే వెళ్లాను. పరీక్ష చేసినాయన అంకెను కంప్యూటరులో ఎక్కించి భోజనానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత కరెంటు పోయి, యూపీయెస్ కూడా అయిపోయాక వచ్చిందట. ఇప్పుడు కంప్యూటరు లేస్తోంది, లేచి దానంతటదే ఆగిపోతోంది.

"ఈసారి నేను ముట్టుకోలేదండీ. సాక్షి మీరే," అన్నారు శౌరమ్మ గారు.

నాలుగోసారి కూడా ఆగిపోయాక ఏసుపాదం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది నా పనేనండి. లేవగానే ఆ మొదటి ప్రాసెస్ ఒక ఫైలు చూస్తుంది. అందులో మూడని ఉంటే అన్నిటినీ లేపుతుంది, సున్నా అని ఉంటే అన్నిటినీ ఆపేస్తుంది. కరెంటు పోతే దానంతటదే ఆగుతుంది కదా అని పొద్దున సున్నా పెట్టాను."

"పెట్టకూడదని ఆ ఫైల్లో రాసి లేదాండీ?" అన్నాను.

"దాని పై లైనులోనే ఉందండి. తెలియని వాళ్ల కోసం రాశారేమో అనుకున్నా."

"స్విచ్చే నయం," అన్నారు శౌరమ్మ గారు.

"మళ్లీ రక్తం తీస్తారా?" అని అడిగాను. పొద్దున ఆ చిన్న మడమలో సూది గుచ్చినప్పుడు బాబు కంటే నేనే ముందు ఏడ్చాను.

"అక్కర్లేదండి. అంకె ఎక్కించినప్పుడే లోపల భద్రమైపోయింది. ఇది పద్ధతిగానే ఆగుతోంది కదా."

అయిదోసారి లేస్తుండగా ఆయన ఏదో టైపు చేసి, ఆ ఫైలు జోలికి పోనివ్వకుండా దాన్ని సగంలో నిలబెట్టారు. సున్నా చెరిపి మూడు వేశారు. మళ్లీ లేపారు. తెరమీద వరసలు ఒక్కొక్కటే దిగుతుంటే ముగ్గురం చూశాం. రెండింటికి అయిదు నిమిషాలుందనగా ప్రింటరు కదిలింది.

పద్నాలుగు పాయింటు ఎనిమిది.

కాగితం పట్టుకుని మెట్లు దిగుతుంటే, "పదిహేను లోపేగా అండీ?" అని పైనుంచి ఏసుపాదం గారి కేక వినిపించింది. లోపేనని అరిచి పరుగెత్తాను.