కునుకు కేబిన్ కథ నేను కట్టిందే

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ పేరు ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే నా దగ్గరికే వస్తారు. తెలిస్తే చెబుతాను. తెలియకపోతే ఇంకా బాగా చెబుతాను. ఏనుగు గల్లీకి ఆ పేరెందుకొచ్చిందని ఒకసారి అడిగారు. సర్కస్ ఏనుగొకటి వ్యాగన్‌లోంచి దిగి, ఎవరిదో క్వార్టరు పెరట్లో జామచెట్టంతా మేసి పడుకుందన్నాను. ఇప్పుడు ఆ గల్లీవాళ్లే ఏనుగుకి ఒక దంతం విరిగి ఉండేదని నాకు చెబుతున్నారు.

అన్నిటికన్నా పేరుపడ్డది కునుకు కేబిన్ కథ. ఊరు దాటాక బ్రాంచి లైను పక్కన, పైకప్పు పోయిన పాత సిగ్నల్ కేబిన్ ఒకటుంది. అందరూ దాన్ని కునుకు కేబిన్ అంటారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఎక్కడో రెండు బళ్లు గుద్దుకుంటాయి. పెట్టెలు ఎత్తి తీసుకుపోతారు, విచారణ కాగితాలు చెదలు తినేస్తాయి, చూసినవాళ్లు పోతారు. పేరొక్కటే మిగులుతుంది. ఆ ఖాళీలోకే నాలాంటివాడు దూరేది.

ఇరవై ఏళ్ల కిందట టీ కొట్టు దగ్గర ఎవరో అడిగితే అప్పటికప్పుడు కట్టాను. ఒంటి లైను రోజులు. సిగ్నళ్లు లాగే కేబిన్‌మన్ మధ్యాహ్నం పెరుగన్నం తిని కునుకు తీశాడు. ఎదురెదురుగా రెండు బళ్లు వచ్చేశాయి. ఇంజన్లు రెండూ పొట్టేళ్లలా ముందుకాళ్లు లేపాయి. గార్డు పెట్టెలో గంపలు పగిలి, కోళ్లు ఎగురుకుంటూ బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద వచ్చి వాలాయి. ఏడాదికో ముక్క చేర్చుకుంటూ పోయాను. చచ్చిపోయినవాళ్లనూ చేర్చాను. కేబిన్‌మన్ మనిషిలా కనపడాలి కదా అని అతనికొక కుంటికాలు, ఒక ఇత్తడి పొడుం డబ్బా ఇచ్చాను.

ఆ కాలూ, ఆ డబ్బా ఎక్కణ్ణుంచి తెచ్చానో అప్పుడు ఆలోచించలేదు. మా పాత క్వార్టరు పక్కింట్లో ఉండే పెదనాన్నవి అవి. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపునుంచి ఒకే ఏడు వచ్చి ఉద్యోగాల్లో చేరారు, అంతే. ఆయన కేబిన్‌మన్‌గానే రిటైరయ్యాడు.

కిందటి చలికాలం, ఒక గురువారం మధ్యాహ్నం, ఆయన మనవరాలు మా ఇంటికొచ్చింది. అసిస్టెంట్ లోకో పైలట్. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన బ్యాగు కూడా దించలేదు.

"బాబాయ్, కునుకు కేబిన్ ఎక్సిడెంటు నిజంగా అయిందేటి?"

"కూర్చో గుంటా, టీ పెట్టిస్తాను."

"టీ వద్దు. మొన్న డ్యూటీ ఎక్కడానికి లాబీలో సంతకం పెడతంటే ఒక సీనియర్ డ్రైవరు ఏటన్నాడో తెలుసా? కునుకు తాత మనవరాలొచ్చింది, సిగ్నల్ వచ్చీసరికి లేపండిరా అన్నాడు. అందరూ నవ్వినారు. కుంటికాలు, పొడుం డబ్బా, సబ్ కుచ్ మా తాతదే. మా తాత నిద్రపోయి మనుషుల్ని చంపీసినాడా?"

జనం ఆ కథను ఆయనకు ముడిపెట్టారన్నది నాకు కొత్త.

"అది నేను కట్టిందేనమ్మా. మొత్తం."

"కాలు కూడా కట్టినావా? అదెలా విరిగిందని ఇంట్లో ఎవరడిగినా తాత లేచి లోపలికెళ్లిపోతాడు. నా చిన్నప్పట్నించీ చూస్తన్నాను. నువ్వు అబద్ధమే ఆడినావనుకో, అది నిజమైపోతే?"

ఇన్నేళ్లలో నా కథలు జనం నమ్ముతారేమోనని భయపడలేదు. నిజమవుతాయేమోనన్న భయం మాత్రం అప్పుడే మొదటిసారి కలిగింది.

ఆమె ఇంకో మాట గుర్తుచేసింది. ఆదివారం మన తెలుగువాళ్ల సభలో పాత ఉద్యోగులకు శాలువాలు కప్పుతారు. తాతను చక్రాల కుర్చీలో తీసుకొస్తారు. మైకు ఏటా నా చేతిలోనే ఉంటుంది. ఎవడో ఒకడు కునుకు కేబిన్ చెప్పమని కేక వేస్తాడు. ఏటా వేస్తాడు.

"తాత ముందర ఏటి చెప్తావు బాబాయ్? అది తేలకపోతే నేను ఆ లాబీలో అడుగు పెట్టను. వేరే డివిజన్‌కి బదిలీ రాసేసుకుంటాను."

ఆమె స్కూటీ వెనక కూర్చుని రాజ్‌కిశోర్ నగర్లో పెదనాన్న ఇంటికి బయల్దేరాను. అర్పా నది వంతెన దాటేదాకా కొత్త అబద్ధమొకటి అల్లుతూనే ఉన్నాను. ఆ కేబిన్‌మన్ వేరేవాడనీ, ఏ ఒరిస్సానుంచో వచ్చాడనీ. సర్కండా వైపు దిగేసరికి అదీ పూర్తయింది, చక్కగా కుదిరింది. ఇంటి గేటు దగ్గర బండి ఆగగానే అందులో ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు.

పెదనాన్న వరండాలో ఎండలో కూర్చున్నాడు. ఒడిలో ఆ డబ్బా.

"ఏట్రా, ఇన్నాళ్లకి గుర్తొచ్చినానా?"

"తాతా, బాబాయ్ నీకో కథ చెప్తాడంట," అంది మనవరాలు. నా పక్కన కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

చెప్పాను. పెరుగన్నం, పొట్టేళ్లు, కోళ్లు, చచ్చినవాళ్లు, ఏదీ దాచలేదు. అంత నత్తి నత్తిగా నేనెప్పుడూ కథ చెప్పలేదు. ఆయన డబ్బా మూత తీస్తూ, మూస్తూ విన్నాడు. అయిపోయాక అడిగాడు.

"మొత్తం ఎంతమందిని చంపీసినావు?"

"పదకొండు మందిని, పెదనాన్నా."

"కిందటేడు తొమ్మిదే కదరా."

మనవరాలు ఒక్కంగలో ముందుకొచ్చింది. "నీకు తెలుసా తాతా? తెలిసి ఊరుకున్నావేటి?"

"మంగలి షాపులో చెప్తారు, కూరల బజార్లో చెప్తారు. చెవుడు లేదు కదా నాకు." ఆయన నా వైపు తిరిగాడు. "మధ్యాహ్నం కాదురా. మాఘమాసం, తెల్లారీ తెల్లారని వేళ. పెరుగన్నం ఎవడు తింటాడు ఆ చలిలో?"

తర్వాత ఆయన చెప్పింది, ఒక్క ప్రశ్న తప్ప, మధ్యలో ఏ మాటా కలపకుండా విన్నాను.

ఒంటి లైను మీద డ్రైవరుకు ఒక ఇనుప గుండు ఇస్తారు. గోలా అంటారు దాన్ని. తోలుసంచిలో పెట్టి, బెత్తపు చుట్టకు కట్టి అందిస్తారు. ముందున్న స్టేషన్ పేరు ఆ గుండు మీద చెక్కి ఉంటుంది. అది చేతిలో ఉన్నవాడిదే దారి. సంచి విప్పి, పేరు చదివి, పైకి చెప్పాకే బండి కదలాలని రూలు. రోజుకు పదిసార్లు అందుకునే చుట్ట కదా, భుజానికి తగిలించుకుని పోవడమే అలవాటు. ఆ తెల్లవారుజామున, బండి వచ్చినప్పుడు దించిన చుట్టనే, స్టేషన్లోవాళ్లు తొందరలో మళ్లీ అదే బండికి అందించారు. అందులో ఉన్నది దాటొచ్చిన దారి గుండు. డ్రైవరు విప్పలేదు.

"సిగ్నల్ ఆపాలి కదా పెదనాన్నా?"

"అదే మరి. ఎండాకాలం బిగించిన సిగ్నల్ తీగ చలికి ఇంకా బిగుసుకుపోయీది. ఆగమని అడ్డంగా నిలబడాల్సిన సిగ్నల్ చెయ్యి కిందికి వాలిపోయీది. కూర్చుని తూగుతున్నోడి తలకాయలాగ. మేమే నవ్వుకునీవోళ్లం, చెయ్యి కునుకు తీస్తందిరా అని. ఆ పేరు నాకు పెట్టింది కాదు. ఆ చేతికి పెట్టింది."

వాలిన చేతిని చూసి డ్రైవరు దారి ఉందనుకున్నాడు. అవతలినుంచి గూడ్సు బయల్దేరిందని పెదనాన్నకు గంట మోగింది. ఎర్రజెండా పట్టుకుని మెట్లు దిగే సమయం లేక పైనుంచి దూకాడు. కాలు విరిగింది. మోచేతుల మీద పట్టాల దగ్గరికి పాకి జెండా ఊపాడు. ఇద్దరు డ్రైవర్లూ బ్రేకు వేశారు. ఇంజన్లు ముక్కూ ముక్కూ తాకి ఆగాయి. బఫర్లు వంగాయి. ఒక్కడు కూడా చావలేదు.

మనవరాలు నేలమీద కూలబడి ఆయన కాలు పట్టుకుంది. "మరి నిద్రపోలేదని చెప్పొచ్చు కదా తాతా!"

"నేను నిద్రపోలేదంటే, మరెవడు తప్పు చేసినాడని అడుగుతారు. సంచి విప్పనోడి పేరు చెప్పాలి. తప్పంతా తీగ మీద రాసేసి విచారణ మూసేసినారు. ఆడి ఉద్యోగం నిలబడిపోనాది."

"ఎవరతను?"

ఆయన డబ్బా మూత నొక్కాడు. "పోయినాడు. పిల్లలున్నారు, ఈ ఊర్లోనే."

ఆ మాట అన్నప్పుడు నా వంక చూడలేదు. మా నాన్న కూడా ఆ రోజుల్లో ఆ బ్రాంచి లైను మీదే డ్రైవరు. నేను అడగలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. పెదనాన్న మొదటి వరసలో ఉన్నాడు, వెనక మనవరాలు. మా కాలనీ డ్రైవర్లంతా గోడ పక్కన నిలబడ్డారు, లాబీలో ఆమెను ఎగతాళి చేసినవాడు కూడా. శాలువాలు మొదలవకముందే వెనకనుంచి కేక వచ్చింది.

"గురూ, కునుకు కేబిన్!"

మైకు అందుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాను. మాఘమాసం, చలి, వాలిన చెయ్యి, ఎర్రజెండా. నవ్వులు. "పాతదే బాగుంది!" అన్నారొకరు. "కోళ్లెక్కడ?" అన్నారింకొకరు. ఎర్రజెండా దగ్గర చప్పట్లు కూడా కొట్టారు, కొత్త అబద్ధమనుకుని. నేను నిజమంటున్న కొద్దీ ఇంకా నవ్వారు. ఇరవై ఏళ్లు నేను నేర్పిన నవ్వే అది. మనవరాలి ముఖం నల్లబడిపోయింది. వెళ్లిపోవడానికి కుర్చీ వెనక్కి తిప్పుతోంది.

మైకు కింద పెట్టేశాను. ముందు వరసల్లో ఉన్న పాత డ్రైవర్లను చూసి గట్టిగా అడిగాను.

"సంచి విప్పి చూడకుండా గోలా భుజాన వేసుకుని బండి కదిపినవాళ్లు చేతులెత్తండి. ఒక్కసారి వేసుకున్నా సరే."

నవ్వు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. చివరికి మూడో వరసలో తొంభై దగ్గరపడ్డ ఒకాయన, భార్య వద్దంటూ చొక్కా లాగుతున్నా, చెయ్యెత్తాడు. పక్కాయన ఎత్తాడు. ఇంకొకాయన. ఆ చేతులన్నీ సగం లేచి, సగం వాలి ఉన్నాయి. వాటిని చూస్తూ పెదనాన్న తన కర్ర ఎత్తి, ఆ వాలు ఎలా ఉండేదో గోడ పక్కనున్న కుర్ర డ్రైవర్లకు చూపించాడు. లాబీలో ఎగతాళి చేసినవాడు వచ్చి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు.

శాలువా కప్పడానికి వంగినప్పుడు పెదనాన్న నా చెవిలో అన్నాడు: "కోళ్లు ఉంచీరా. అవి బాగున్నాయి."

వారం తర్వాత టీ కొట్టు దగ్గర, ఊరికి కొత్తగా వచ్చిన గార్డొకడు ఆ కేబిన్ పేరు సంగతి నన్నడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. పక్కన యూనిఫారంలో టీ తాగుతున్న మనవరాలు గ్లాసు కింద పెట్టింది.

"నేను చెప్తాను," అంది. చలి, తీగ, చెయ్యి, జెండా, కాలు. నిలబడే, రెండు నిమిషాల్లో చెప్పేసింది.

"కోళ్లు?" అన్నాను.

"అవి నువ్వు చెప్పుకో బాబాయ్," అని బ్యాగు భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.