రెండు గంటల ముందు

మొన్న ఆదివారం బట్టలు మడతపెడుతూ టీవీ పెడితే మా పాత బాస్ కనిపించారు. ఫుట్‌బాల్ జట్టు జనరల్ మేనేజర్‌గా రిటైర్ అవుతున్నారట. జుట్టంతా నెరిసిపోయింది. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ బల్లకి ఆనించాల్సి వచ్చింది. ఒకప్పుడు తనూ ఆటగాడే, ఆ మోకాళ్లు నేను చూసేనాటికే అరిగిపోయాయి.

మేం ఇప్పుడుంటున్న క్యారీ ఊరికి రాకముందు, అమెరికాలోనే వేరే రాష్ట్రంలో, ఆ జట్టు ఆఫీసులో నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేశాను. ఆటంటే ఓనమాలు తెలియవు. ఫుట్‌బాల్ అని పేరు పెట్టి బంతిని చేత్తో పట్టుకు పరిగెత్తడమేమిటని మొదటి వారమే ఆయన్ని అడిగి నవ్వులపాలయ్యాను. సీజన్ ముందు దాదాపు సగం మంది ఆటగాళ్లను తీసేస్తారని మాత్రం త్వరగానే తెలిసింది. ఆ మాట చెప్పడానికి వేరే జట్లలో ఎవరో కుర్ర అసిస్టెంట్‌ని పంపేవారు. ఈయన మాత్రం పొద్దున్నే వచ్చి, ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి తనే చెప్పేవారు. ఆడే రోజుల్లో ఈయన్ని మొదటి జట్టు తీసేసినప్పుడు ఎవరూ చెప్పలేదట, ఖాళీ చేసిన లాకర్ చూసి తెలుసుకున్నారట.

ఆ ఏడు తీసేసేవాళ్ల లిస్ట్‌లో ఆయన పాత స్నేహితుడి పేరుంది. మైదానంలో ఐదేళ్లు ఆయన పక్కనే నిలబడి ఆడినవాడు, ఈయన ఆట మానేశాక కూడా ఆడుతున్నవాడు. తీసేసినవాళ్ల గేటు కార్డులు, ఆయన అందరికీ చెప్పడం అయ్యాక, తొమ్మిదికి ఆపమని నాకు మెయిల్ వచ్చింది. ఆ రోజు మా అమ్మాయి మొదటిసారి బడికి వెళ్తోంది. తనని నేనే దింపాలని, పని ముందే తెమిలిపోతుందని, కార్డులు ఏడింటికే ఆపేశాను.

ఏడున్నరకి తెరిచున్న కిటికీలోంచి చూస్తే వానలో ఆ స్నేహితుడు గేటుకి కార్డు మళ్లీ మళ్లీ ఆనిస్తున్నాడు. ఎర్ర దీపమే వెలుగుతోంది. బాస్ కుంటుకుంటూ మెట్లు దిగి గేటు తీశారు.

"కనీసం నువ్వైనా ఫేస్ టు ఫేస్ చెప్తావనుకున్నా బ్రదర్," అన్నాడతను.

"సారీ. తప్పు నాదే," అన్నారాయన. నా పేరు ఎత్తలేదు. అతను లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. పైకి వచ్చాక నాతో, "తొమ్మిది దాకా ఆగాల్సింది," అన్నారు, అంతే. ఆయన అరిచినా బాగుండేది.

ఇంటికొచ్చి ఏడిస్తే మా వారు, "లిస్ట్ పంపింది వాళ్లే కదా, నీ తప్పేముంది? ఊరికే వర్రీ అవకు," అన్నారు. నా తప్పేనని ఆ స్నేహితుడికి ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఉద్యోగం పోతే వీసా రెన్యువల్ కాదన్న భయం ఒకటి, సిగ్గు ఒకటి, రాయలేదు. అతను మళ్లీ బాస్‌తో మాట్లాడలేదని తర్వాత విన్నాను.

ఆ పొద్దున నేను మిగుల్చుకున్నది రెండు గంటలే. వాళ్లిద్దరికీ మాత్రం ఆ తర్వాత వచ్చిన ఏళ్లన్నీ పోయాయి.