జీడిపిక్కలకు దొరికిన అనుమతి

మీ పెరట్లో జీడిపిక్కల బస్తాలకు చోటుంది, మీ తోడబుట్టినదానికి లేదు అంటే మీరు ఊరుకుంటారా? నేను ఊరుకోలేదు. అయినా ఓడిపోయాను.

మా అక్కది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. బావ పోయాక ఒంటరిగా ఉండేది. అక్కడ ఎందరికో పోయినట్టే ఆమెకూ కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్‌కు పలాస రావాలి. ఆటో ఎక్కి, బస్సు మారి వచ్చేది. తిరిగి వెళ్లేటప్పుడు దారంతా వాంతులు.

పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మాది రెండు గదుల ఇల్లు. మాతోనే ఉండిపొమ్మన్నాను.

"తమ్ముడి పొయ్యి మీద బతకమంతావేట్రా? నలుగురూ ఏటనుకుంతారు? నాకు ఉప్పు నేని కూర కావాల. మరదలు రెండు వంటలు సెయ్యాలేటి?" అంది.

ఇలాంటి పట్టింపులను ఎన్నో సభల్లో చీల్చి చెండాడినవాణ్ణి. అక్క దగ్గర ఒక్క వాదనా పనిచేయలేదు. చివరికి పెరట్లో ఒక గది కట్టించి, పొయ్యి, మరుగుదొడ్డి పెట్టించాను. అక్క వచ్చి పొయ్యి అలికి ముగ్గు పెట్టింది. "ఒరే, ఇక మీదట నాను నీ పక్కింటిదాన్ని. పంచదారకొచ్చినావంతే లేదనీసి పంపీగల్ను" అని నవ్వింది.

కొన్నాళ్లకు మున్సిపాలిటీ ఉద్యోగి వచ్చాడు. మా పక్కింట్లో జీడిపిక్కల షెడ్డు ఈ గది కంటే పెద్దది. దాన్ని చూపించాను.

"షెడ్డయితే పర్వానేదు మాస్టారూ. పొయ్యీ దొడ్డీ పెట్టీసినారు కదా, రెండో ఇల్లయిపోనాది. ఇంత సిన్న జాగాలో రెండిళ్లు కుదరవు."

గుమ్మంలోంచి అక్క అంది: "అయితే నన్ను గోనెలో కట్టీసి ఓ మూల పెట్టీరా తమ్ముడూ. జీడిపిక్కనంతే ఊరుకుంతాడు బాబు."

అతనూ నవ్వాడు. ఆ తర్వాత మున్సిపాలిటీ మనుషులొచ్చి పొయ్యి, దొడ్డి పగలగొట్టి, గోడలు వదిలేసి వెళ్లారు. అక్క గిన్నెలు మూటగట్టుకుని ఊరికి వెళ్లిపోయింది.

వానలకు దారి మునిగి బస్సు రాలేదు. డయాలసిస్ తప్పింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆస్పత్రికి తెచ్చేలోపే పోయింది.

దేవుడు అంతే రాశాడన్నారు చూడవచ్చినవాళ్లు. కాదు. ఆ నిబంధన రాసింది మనుషులు. ఇప్పుడా గదిలో పక్కింటాయన నన్నడిగి పెట్టుకున్న జీడి బస్తాలున్నాయి. వాటిని ఎవరూ ఖాళీ చేయమనలేదు.

మనుషులు రాసినదాన్ని మనుషులే మార్చాలి. ఈరోజే మీ వార్డు కౌన్సిలర్ ఇంటికి వెళ్లండి. ఇంటి స్థలంలో రెండో పొయ్యికి అనుమతి ఇచ్చేలా నిబంధన మార్చమని అడగండి. మాట ఇచ్చేదాకా ఆ గుమ్మం దిగకండి.