దిద్దిన ఉత్తరం

రిటైర్మెంటుకి ఎనిమిదేళ్ళుందనగా మళ్ళీ విద్యార్థినయ్యాను. అక్షరాస్యతా విద్యలో ఎం.ఏ. అంటే పిల్లలకైనా పెద్దలకైనా చదవడం, రాయడం ఎలా వస్తుందో చెప్పే చదువు. ఇన్నేళ్ళూ అనకాపల్లి బడుల్లో నేను చేస్తున్న పని అదే కదా అని మా ఆయనకి ఒకటే నవ్వు. "మరిన్నాళ్ళూ ఏటి సేసినట్టు?" అన్నారు. వేళాకోళానికే అన్నారుగానీ మొదటి ఆదివారం క్లాసులోనే ఆ మాట గుచ్చుకుంది. ఫోను తెర మీద, మా అమ్మాయి వయసున్న మేడం ఓ ఒకటో తరగతి పిల్ల కాగితం చూపించింది. "సెట్టు మీద సిలక" అని ఉంది. నా చెయ్యి దానంతటదే ఎర్రపెన్ను కోసం బల్ల మీద వెతికింది. "ఈ పాప తన ఇంట్లో మాట ఎలా వింటుందో అలాగే, ఒక్క శబ్దం పోకుండా రాసింది. ముందు ఏం చెబుతోందో చదవండి. దిద్దడం తర్వాత" అంది మేడం. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. మా మేనత్త ఉత్తరం గుర్తొచ్చింది.

ఆవిడది నక్కపల్లి వైపు పల్లె. పిల్లల్లేరు, మామయ్య ముందే పోయాడు. చెరకు చేలో పని చేసొచ్చి, చేతులు కడుక్కుని, సాయంత్రం వయోజన విద్య క్లాసుకి పలక పట్టుకుని పరిగెత్తేది. నలభై దాటాక అక్షరాలు పట్టుబడ్డాయి. ఇక ఎరువుల బస్తాలు, అగ్గిపెట్టెలు, మా నాన్న చొక్కా కాలరు లోపల టైలరు పేరున్న గుడ్డముక్క, ఏదీ చదవకుండా వదల్లేదు. బోర్డు కూడబలుక్కుని పూర్తిచేసేలోగా బస్సు కదిలిపోయేదట. "సదవడం వచ్చినాకే బస్సులు తప్పిపోతన్నాయే గుంటా!" అని తనే నవ్వేది.

నేనప్పుడు అనకాపల్లిలో టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. సగం చదువుతో వచ్చే గర్వం సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ జీవితంలో రాసిన మొదటి ఉత్తరం నాకే వచ్చింది. "అమ్మీ, కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేసను సేత్తారట. ఎవులికీ సెప్పలేదు. బయమేత్తంది. ఓపాలి వత్తావా" అంతే. "సేత్తారట"ని "చేస్తారట" చేశాను. "బయం"ని "భయం" చేశాను. "వత్తావా" కొట్టేసి "వస్తావా" రాసి, పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాను. కింద "ప్రయత్నం బాగుంది, ఇంకా శ్రద్ధ కావాలి" అని రాసి, కవర్లో పెట్టి తిరిగి ఆవిడకే పోస్టు చేశాను. గడ్డ సంగతి అర్థం కాలేదా అంటే, అయింది. పరీక్షలయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. ఆస్పత్రికి ఆవిడ ఒక్కర్తే వెళ్ళింది.

తగ్గాక చూడ్డానికి వెళ్తే పల్లెత్తు మాట అనలేదు. "నీ కాయితం వచ్చినాదమ్మీ. అన్ని తప్పులు రాసేసేనేటి! ఇకనుండి నోటితోనే సెప్పుకుందుంలే" అంది. నాకు సిగ్గేసింది. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఆ తర్వాత ఆవిడ ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. సంతకం పెట్టమన్న చోటల్లా వేలే చాపింది.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. "వత్తావా" అన్న మాటలో తప్పేమీ లేదని, దానికి కావలసింది దిద్దడం కాదు, జవాబని, ఇప్పుడు ఫీజు కట్టి నేర్చుకుంటున్నాను. అప్పట్లో ఆ ఊరు బస్సులో గంట ప్రయాణం. బయల్దేరడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.