తార్నాక పాఠకురాలు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన సోమవారం చనిపోయింది. కబురు చెప్పింది ఆమె కూతురు. ఫోనులో ఒకే మాట: "అన్నా, అమ్మ లేదు." విలేకరి అలవాటు కొద్దీ ఎప్పుడు, ఎలా అని అడిగాను. నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోయిందట. "బాధ లేదని ఎవరు జూసినారు?" అని అడిగే మనిషి ఇక లేదు కాబట్టి ఆ మాటను విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది ఆదోని వైపు. భర్త యూనివర్సిటీలో ఉద్యోగానికి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయాక తల్లీ కూతుళ్లిద్దరే మిగిలారు. కూతురిది ప్రభుత్వ ఉద్యోగం. మా సందు చివర క్యాంపస్ గోడ ఉంది. అది ఒకచోట కూలి, మనిషి దూరేంత దారి ఏర్పడింది. ఆ దారిన విద్యార్థులు బస్సుల కోసం మా సందులోకి వచ్చేవారు.

కంటి ఆపరేషన్ అయ్యాక పెద్దమ్మకు అచ్చు పుస్తకం చదవడం కష్టమైంది. కూతురు ట్యాబ్ కొనిచ్చింది. అందులో అక్షరాన్ని చింతగింజంత చేసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే తెలుగు పుస్తకాలు మొదలుపెట్టింది. అవి ఎక్కువగా రచయితలు తమంతట తాము వేసుకున్న ఈ-పుస్తకాలు. ఆ పుస్తకాల కింద పాఠకులు అభిప్రాయం రాసే చోటు ఉంటుంది. అక్కడ "తార్నాక పాఠకురాలు" అనే పేరుతో రాసేది. ఒక నవలా రచయిత ఆమెను అసూయ పట్టిన రిటైర్డ్ ప్రొఫెసర్ అనుకున్నాడు. ఇంకొకాయన, ఎవరో మగవాడే ఆడపేరు పెట్టుకున్నాడని తేల్చేశాడు.

"అచ్చేసినోడంటూ ఒకడుంటే వాడన్నా చదివుంటాడు. వీటికి మొదటి చదువు మనదే. అనుమానంతోనే మొదలుపెట్టల్ల" అనేది.

ముందుమాటలు చదివేది కాదు. స్నేహితులు రాసే పొగడ్తలను మాత్రం శ్రద్ధగా చదివేది. "చూడప్పా, ఈ మెచ్చుకున్నోళ్లంతా మొదటి అధ్యాయం దగ్గరే ఉండారు. ఆడ నుంచి ఒక్కరూ ముందుకు పోలేదు" అని నాకు చూపించింది. నేను చూశాను. నిజమే. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో అట్ట మీద పిడికిలి బొమ్మ ఉన్న కవితల పుస్తకాలు చాలా వచ్చేవి. వాటిలో కొన్ని ఆమెకు నచ్చాయి. నచ్చనివాటి గురించి, "పిడికిలి బయటుండాది, లోపల చెయ్యి కనపళ్లేదు" అని రాసింది. నల్లకుంట నుంచి ఒకాయన బ్యాచిలర్ల కోసం వంటల పుస్తకం వేస్తే, అందులోని పులిహోర చేసి, నాకూ ఇంత పెట్టి, ఆ తర్వాతే అభిప్రాయం రాసింది: "ఉప్పు సంగతి రాయడం మర్చిపోయారు. మిగిలినదంతా నిజం."

ప్రతి అభిప్రాయం చివర పుస్తకం ఎంతవరకు చదివిందో తప్పకుండా చెప్పేది. సగంలో ఆపితే సగంలో ఆపానని రాసేది. పేరున్న పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్లలో కూడా నేను ఆ పద్ధతి చూడలేదు.

ఆమె మనకు ఎందుకు గుర్తుండాలో చెప్పడానికి నాకు ఒక్క సంఘటన చాలు. ఉద్యమం జోరుగా ఉన్న ఏడాది అది. ఒక సాయంత్రం పోలీసులు తరిమితే విద్యార్థులు కూలిన గోడ దాటి మా సందులోకి పరుగెత్తుకొచ్చారు. ఆ సమయానికి నేను క్యాంపస్ మెయిన్ గేటు దగ్గర వార్త పనిలో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి సందు ఖాళీ. టియర్ గ్యాస్ ఘాటు ఇంకా పోలేదు. ఎదురింటి వాకిట్లో జత కలవని చెప్పులు పడి ఉన్నాయి.

కొన్ని నెలలకు ఒక పరిశోధక విద్యార్థి ఆ రోజుల మీద ఈ-పుస్తకం వేశాడు. అందులో ఒక అధ్యాయం మా సందు గురించి. గోడ పక్కన పచ్చ గేటు ఉన్న ఇంట్లో ఒక రాయలసీమ పెద్దమ్మ ఉందట. గేటు బార్లా తీసి విద్యార్థులను లోపలికి పిలిచిందట. నీళ్లిచ్చి, గ్యాస్ మంట తగ్గడానికి వాసన చూడమని ఉల్లిపాయలిచ్చి, పోలీసులకు అడ్డంగా నిలబడి "వీళ్లు నా బిడ్డలు" అందట. పేరు లేదు. పేరుతో అవసరమూ లేదు. మా సందులో పచ్చ గేటు ఒక్కటే.

ఆ అధ్యాయం ఫోన్ల మీద తిరిగింది. ధర్నా శిబిరంలో సన్మానం చేస్తామని కుర్రాళ్లు వచ్చి చెప్పిపోయారు. కూతురి ఆఫీసులో అంతకుముందు ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అని లెక్కలు చూసుకుంటున్న కాలం. ఇప్పుడు "గా పెద్దమ్మ మీ అమ్మనేనట గదా" అంటూ చాయ్‌కి పిలవడం మొదలుపెట్టారు.

మా పత్రిక ఆఫీసులోనూ దీని మీద ఒక కథనం రాయమన్నారు. చూసినవాళ్ల కోసం వెతికితే మా సందులోనే ముగ్గురు దొరికారు. ముగ్గురూ కళ్లారా చూశామన్నారు. ఆ సమయానికి ఎక్కడ నిలబడ్డారని అడిగాను. ఒకాయన చుట్టాన్ని రైలెక్కించడానికి కాచిగూడ వెళ్లాడు. ఒకామె వారాసిగూడలో అక్కగారింట్లో ఉంది. మూడో అతను చిరాకు పడ్డాడు. "నిల్చునుడేందన్నా, పుస్తకంల ఉన్నది గదా."

పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమప్పా, నువ్వు గూడ దండ తెచ్చినావా?"

"లేదు పెద్దమ్మా. ఆ రోజు గేటు తీశారా లేదా, అది అడుగుదామని."

"తియ్యలేదు. లోపల్నుంచి తాళం ఏసినా. కొట్టినారు. అమ్మా, అమ్మా అన్నారు. నేను దేవుని గదిలో పోయి కూసున్నా. తీసింది ఎదురింటామె."

ఆ మాటనూ నేను వెంటనే నమ్మలేదు. మంచిపని చేసి కాదనేవాళ్లకు కారణాలు ఉండొచ్చు. ఆదోనిలో ఆమె బంధువులు సమైక్యాంధ్ర ఉద్యమంలో ఉన్నారు. వాళ్లకు జడిసి అంటోందేమో అనుకున్నాను.

ఎదురింటి అక్కది జనగామ దగ్గర పల్లెటూరు, భర్త రైల్వేలో పని. ఆమెను అడిగాను.

"అవ్ తమ్మీ, మా ఇంట్లకే వచ్చిండ్రు. బిందెలన్ని ఖాళీ జేసిండ్రు పోరగాండ్లు. పోలీసోళ్లతోని నేనేం మాట్లాడలే, నాకే భయమైంది. ఎన్క దర్వాజ చూపెట్టిన, ఉరికిండ్రు. చెప్పులు గూడ తొడుక్కోలే."

"మరి పుస్తకంలో పెద్దమ్మ అని రాశాడు కదా."

"ఉండనియ్యి. ఆమెకు పనికొస్తది. నాకేం జేస్కోను?"

కూతురిదీ అదే మాట. ఆరోజు తల్లీ కూతుళ్లు గోడవతల గట్టిగానే మాట్లాడుకున్నారు. నాకు వినిపించింది. "మనం రాయమన్లేదు గదమ్మా. ఆఫీసులో ఇప్పుడిప్పుడే నాతో మనుషుల మాదిరి మాట్లాడుతాండారు. నీకేం బోయె, ఊరికే ఉండు." పెద్దమ్మ జవాబు నాకు వినపడలేదు. సాయంత్రానికి పుస్తకం కింద ఆమె అభిప్రాయం కనబడింది.

"పూర్తిగా చదివాను. హాస్టల్ గదిలో తాను భయపడిన సంగతి రచయిత రాసిన చోట నమ్మాను. మా సందు అధ్యాయం ఆయన చూసి రాసింది కాదు. పచ్చ గేటు మాది. ఆ సాయంత్రం దానికి తాళం వేసింది నేను. నీళ్లిచ్చింది ఎదురిల్లు. తెలంగాణ ఆడమనిషి తెలంగాణ పిల్లలకు నీళ్లిస్తే కథ కాదనుకున్నారేమో."

ఆదివారం ఆ విద్యార్థి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మనిషి సన్నగా ఉన్నాడు. కోపం ఉన్నా కుర్చీ అంచున మర్యాదగానే కూర్చున్నాడు.

"గట్లెందుకు రాసిన్రు పెద్దమ్మా? మీకు మంచి జరుగుతదనే రాసిన గదా."

"నాకు మంచి చెయ్యమని నిన్నెవరడిగినారు నాయనా? ఆ పొద్దు నువ్వు యాడుంటివి?"

"హాస్టల్ల. మా దోస్త్ చెప్పిండు."

"ఏమని చెప్పినాడు?"

అతను కిందికి చూశాడు. "ఒక ఇంటామె నీళ్లిచ్చిందన్నడు. ఏ ఇల్లో చెప్పలే. మనోళ్లు ఇచ్చుడు మామూలే గదా పెద్దమ్మా. సీమ అమ్మ ఇచ్చిందంటే మంచిగుంటదనుకున్న. మా కొట్లాట మనుషులతోని కాదని అందరికి తెలుస్తదనుకున్న."

"అది నీ ఆశ. ఆశ అని రాయి. జరిగిందని రాయొద్దు."

"నిజం చెప్పుండ్రి. మీ ఊరోళ్లు ఎవరన్న బెదిరించిన్రా మిమ్ముల?"

పెద్దమ్మ నవ్వింది. "అనుమానం రాయకముందు ఉండల్లప్పా. రాసినాక వస్తే ఏం లాభం?"

అతను ఫోను తీశాడు. "సరే. ఇప్పుడే తీసేస్త. ఈ-బుక్కే గదా, ఎంతసేపు."

"ఈ పుస్తకాలతో నాకుండే భయమే అది. ఇది పుస్తకమా, పలకా? తీసెయ్యద్దు. సరిగ్గా రాయి. నువ్వు చూళ్లేదని రాయి. వినింది విన్నట్టు రాస్తే అదీ నిజమే. ముందు తప్పు రాసినానని గూడ చెప్పు."

"మరి తాళం ముచ్చట?"

"అదీ రాయి."

"మీకే ఇబ్బంది అయితది."

"ఇబ్బంది నాది. పుస్తకం నీది."

సన్మానం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కూతురిని ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు, చాయ్‌కి కూడా పిలవలేదు. ఆమె చాలా రోజులు తల్లితో ముక్తసరిగా ఉంది. మా పత్రికలో కథనం రాలేదు. ఎదురింటామె నీళ్లిస్తే వార్త ఎలా అవుతుందని డెస్కులో ఒకాయన అడిగాడు. నేను వాదించి చూశాను, గెలవలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో, చూశానని చెప్పిన ప్రతి మనిషినీ ఎక్కడ నిలబడి చూశారని తప్పకుండా అడుగుతున్నాను. చెప్పినవాళ్లకు కోపం వస్తుంది. పెద్దమ్మ మీద ఎంతమందికి కోపం వచ్చిందో తలుచుకుని మళ్లీ అడుగుతాను.

ఆ రోజుల్లోనే విద్యార్థి తిరిగి వచ్చాడు. ఈసారి ఎదురింటి అక్క దగ్గర కూర్చుని, ఆమె చెప్పింది విని, అధ్యాయం మళ్లీ రాశాడు. పెద్దమ్మ దాన్ని ట్యాబ్‌లో తెచ్చి ఎదురింటి అరుగు మీద అక్కకు చదివి వినిపించింది. అక్కకు చదువు రాదు. నేను ఆ అరుగు పక్కనే నిలబడి చూశాను.

పెద్దమ్మ సీమ యాసలో చదువుతుంటే అక్క జనగామ మాటలు వేరే ఊరు తిరిగి వచ్చినట్టు ఉన్నాయి. బిందెల దగ్గర అక్క నవ్వింది. వెనక తలుపు దగ్గర నవ్వు ఆపి, కొంగు సర్దుకుంది. పచ్చ గేటు మాట రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"గది ఇడ్సిపెట్టు పెద్దమ్మా. గదెందుకు సదువుతవ్."

"రాసుండాది గదమ్మా, చదవల్ల."

పెద్దమ్మ చదివింది. గొంతు తగ్గించలేదు, తొందరపడలేదు. అక్షరాలు అంత పెద్దవి కాబట్టి తెర మీద ఆ ఒక్క వాక్యమే పట్టింది: ఎదుటి పచ్చ గేటుకు తాళం వేసి ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు, చదువు వచ్చిన మనిషీ, రాని మనిషీ. కాసేపటికి వెలుతురు తగ్గి తెర ఆరిపోబోతే అక్క చెయ్యి చాచి వేలితో తాకింది. వాక్యం మళ్లీ వెలిగింది.