యాదమ్మ మేడం గొంతు

ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ముందు మిర్చిబజ్జీల నూనె వాసన తగులుతుంది, ఆ వెంటనే షేర్ ఆటోవాళ్ల కేకలు. "తుర్కయంజాల్, తుర్కయంజాల్, తుర్కయంజాల్" అని ఊపిరి తీసుకోకుండా పిలుస్తారు. నేను రోజూ ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారే అది. అయినా ఆ పిలుపు చెవిన పడగానే నా నడుము దానంతటదే నిటారవుతుంది, కుడిచెయ్యి కడుపు మీదికి పోతుంది. మొన్న సాయంత్రం ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ అది చూసి, "కడుపునొప్పా బిడ్డా? జర సోడా తాగరాదు" అంది. కాదమ్మా, మా మేడం గుర్తొచ్చిందన్నాను. ఆవిడకి ఏమర్థమవుతుంది పాపం. మా ఆటోవాడికి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. ఇంకొక్క సీటు నిండాలి. అతను పిలుస్తుంటే నాలుగడుగుల అవతలికి వినపడటం లేదు. ఆ ఆగిన కాసేపట్లో నేను ఎక్కడికో వెళ్లిపోయాను.

యాదమ్మ మేడం మా బడిలో ఆటల టీచరు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. నూలుచీర కొంగు నడుముకి దోపి, కాళ్లకి పాత కేన్వాస్ బూట్లు తొడిగి మైదానంలోకి దిగేది. మెళ్లో ఈల వేలాడేది కానీ ఊదగా నేనెన్నడూ చూడలేదు. అవసరమేముంది? ఆమె కేకేస్తే రోడ్డవతల టీకొట్టువాడు కూడా చేతిలో గ్లాసు పట్టుకుని ఆగిపోయేవాడు. పొగడటం మాత్రం ఆమెకు చేతకాదు. ఎంత గొప్ప బంతి ఆపినా రెండు చప్పట్లు కొట్టేది, అంతే. దానికర్థం బాగుందని కాదు, ఇంకో బంతి వస్తోంది లేవమని. ఆ రెండు చప్పట్ల కోసం నేను మోచేతులు చెక్కుకుపోయేలా దూకేదాన్ని. ఇంటికెళ్లాక అమ్మ పసుపు పెడుతూ నన్నూ తిట్టేది, ఫుట్‌బాల్‌నీ తిట్టేది, చివరికి దాన్ని కనిపెట్టిన మహానుభావుణ్నీ వదిలేది కాదు.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు, మా అద్దిల్లూ అక్కడే. నేను క్లాసులో అందరికన్నా పొడుగు కాబట్టి మేడం నన్ను గోల్‌లో నిలబెట్టింది. అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒకరోజు బస్సులుండేవి, ఒకరోజు ఉండేవి కావు. గోడల నిండా నినాదాలు, సందు సందునా పాటలు. "బస్సులో నోరు విప్పకే ప్రసన్నా. రెండు ముక్కలు మాట్లాడితే మనమెక్కడివాళ్లమో తెలిసిపోతుంది" అని అమ్మ రోజూ గుమ్మం దగ్గర చెప్పేది. నిజం చెప్పాలంటే నన్నెవరూ ఏమీ అనలేదు. ఒకళ్లిద్దరు అమ్మాయిలు నా "అండీ"ని సాగదీసి అనుకరించేవాళ్లు, అంతకన్నా ఏం లేదు. కానీ భయమనేది ఒకసారి ఇంట్లోకి వస్తే కుర్చీ వేసుక్కూర్చుంటుంది. బస్సులో మూసుకున్న నోరు క్లాసులో మూతపడింది, తర్వాత మైదానంలోనూ మూతపడింది.

అలాంటప్పుడు ఆ కబురొచ్చింది. పదహారేళ్లలోపు అమ్మాయిలకు ఆసియా దేశాల మధ్య ఫుట్‌బాల్ పోటీలు. భారత జట్టుకి పిల్లల్ని ఎంచుకోవడానికి సెలెక్టర్లు హైదరాబాద్ వస్తున్నారు. మేడం మా బడి నుంచి ఒక్క పేరే పంపింది. అది నా పేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేశం పేరున్న చొక్కా వేసుకోవడం తప్ప నాకింకేం వద్దనిపించింది.

మర్నాడు మేడం నన్ను పక్కకి పిలిచింది. "చేతులున్నయి. ఎత్తున్నది. ధైర్యమున్నది. గొంతే లేదు. మూగ గోల్‌కీపర్ని ఎవ్వరు తీస్కపోరు. మైదానమంతా కనబడేది నీకొక్కదానికే గద. నీ ముంగటున్నోళ్లకు ఎన్క ఏం జరుగుతుందో నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తరే?"

"నేను మాట్లాడితే నవ్వుతారు మేడం" అన్నాను.

నాదర్‌గుల్‌లో విమానాలు నడపడం నేర్పే చోటు నుంచి లేచిన చిన్న విమానం ఒకటి గుర్రుమంటూ మా నెత్తిమీద నుంచి పోయింది. అది పోయేదాకా ఆగి మేడం, "పా" అంది.

తీసుకెళ్లింది ఎక్కడికనుకున్నారు? ఎల్బీనగర్ చౌరస్తాలో షేర్ ఆటోల అడ్డాకి. అక్కడ ఆమె ఊరివాడు మల్లేశన్న ఉన్నాడు. ఆటో ముందద్దం మీద 'జై తెలంగాణ' అని పెద్ద అక్షరాలు. "మల్లేశా, ఇయ్యాల నీ ఆటో గీ పోరి నింపుతది. నువ్వు నోరు తెరవకు" అంది మేడం. మల్లేశన్న నన్ను కిందికీ పైకీ చూసి, "నా గిరాకీ పాయె" అని నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమని పిలవాలి మేడం?"

"ఊరి పేరు. ఊరి పేరుకు యాస ఉంటదా? ఎవరు పిలిస్తే ఏంది, తుర్కయంజాల్ తుర్కయంజాలే."

నేను పిలిచాను. పక్కనే బండి మీద జామకాయలు అమ్మే ఆమె ఇటు తిరిగి, "ఏమన్న కావాల్నామ్మా?" అనడిగింది. మేడం నవ్వలేదు. వచ్చి నా కడుపు మీద అరచెయ్యి ఆనించి, "గొంతుకెల్లి కాదు, ఈడికెల్లి రావాలె" అంది. మళ్లీ పిలిచాను, మళ్లీ మళ్లీ పిలిచాను. ఒక మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు, తర్వాత సంచులతో ఇద్దరాడవాళ్లు. నా పిలుపు విని మనుషులు రోడ్డు దాటి వస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. నా నోట్లోంచి వచ్చిన మాటకి జనం కదులుతారని అంతకుముందు నాకు తెలియదు. ఆటో నిండాక మేడం రెండు చప్పట్లు కొట్టి, వెనకున్న ఇంకో ఆటో చూపించింది. ఆ తర్వాత చాలా సాయంత్రాలు ప్రాక్టీసు అయ్యాక మేం అడ్డాకి వెళ్లాం.

ఒకరోజు నేను ఆమెలా మాట్లాడబోయాను. "ఎన్కకు రాండ్రి" అని డిఫెండర్ల మీద కేకేశాను. మేడం ఆట ఆపేసింది. "నాలెక్క మాట్లాడేదానికి చూడకు. నీ మాటలనే ఒర్లు. గడిబిడిల అరువు మాట నోటికి రాదు" అంది. బడి లేని రోజల్లా తెలంగాణ ఊరేగింపుల్లో గొంతు చించుకునే మనిషి, నీ యాస నువ్వు ఉంచుకోమని నాకు చెప్పింది. ఇప్పటికీ అది తలుచుకుంటే ఆవిడ ముందు నేను ఎంత చిన్నదాన్నో తెలుస్తుంది.

సెలక్షన్ రోజునే బంద్ పడింది. సెలెక్టర్లు సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్‌కి ఇవతల ఒక కాలేజీలో దిగారు, మర్నాడు వెళ్లిపోతారు. పొద్దున్నే నాన్న తలుపు గడియ వేసేశారు. నేను వంటింట్లో కూర్చుని ఏడుస్తున్నాను. అప్పుడు మేడం వచ్చింది. నాన్నకి ఆమెను చూడగానే ఒళ్లు మండింది.

"మీ టీచర్లే రోడ్డు మీద కూర్చుని బంద్ అంటారు. మళ్లీ మీరే వచ్చి పిల్లని పంపమంటారు. ఎలా పంపమంటారండీ?"

"బంద్ నాదే సారూ. పిల్ల గూడ నాదే" అంది మేడం. "నడిపిచ్చుకపోత, నడిపిచ్చుకొస్త."

నాన్న లోపలికి తిరిగి, "దానికి టిఫిను పెట్టావా?" అని అమ్మనడిగారు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచాం. షట్టర్లన్నీ దించి ఉన్నాయి, అంత పెద్ద రోడ్డూ ఖాళీ. ఎల్బీనగర్ చౌరస్తాలో మాత్రం జనం. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యి పెట్టి పెద్ద గిన్నెలో అన్నం వండుతున్నారు. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినడం ఆ రోజుల్లో నిరసన పద్ధతి. కండువా కట్టుకున్న ఒకతను అడ్డమొచ్చి, "ఏడికి? బంద్ అని తెల్వదా?" అని నన్నే అడిగాడు. నేను మేడం వైపు చూశాను. ఆవిడ వంగి బూటు లేసు కట్టుకుంటోంది. ఎంతకీ తల ఎత్తదు.

"ఫుట్‌బాల్ సెలక్షన్‌కి వెళ్తున్నానండీ. ఇండియా జట్టుకి" అన్నాను.

ఆ "అండీ" విని కూర్చున్నవాళ్లంతా తల తిప్పారు. "ఏ ఊరు మీది?" అన్నాడతను. "తెనాలి" అన్నాను. అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు, అంత భయంగా ఉంది. అప్పుడు జనంలోంచి మల్లేశన్న గొంతు వినపడింది. "అరే, గా తుర్కయంజాల్ పోరి గదరా. నా ఆటో నింపేది గీ పిల్లనే. బిడ్డా, ఒక్కసారి పిలువు, ఇననీ వీళ్లను." నేను కడుపు మీద చెయ్యి పెట్టుకుని పిలిచాను. ఆ ఖాళీ రోడ్ల మీద అది ఎంత దూరం పోయిందో. ఆడవాళ్లు నవ్వారు, కండువా అతనూ నవ్వి పక్కకి జరిగాడు. గరిటె పట్టుకున్న ఒకామె, "ఉత్త కడుపుతోని ఏమాడుతవ్, తినిపో" అని విస్తరాకులో అన్నం, తొక్కు పచ్చడి పెట్టింది. ఇంట్లో తిన్నానని చెప్పే ధైర్యం నాకు లేదు, రెండోసారి తిన్నాను. మల్లేశన్న ఆటో పక్కనే ఉంది. కానీ బంద్ బందే. అతను ఇస్తాననలేదు, మేడం అడగలేదు. మిగతా దారీ నడిచే వెళ్లాం.

దారిలో అడిగాను, మీరెందుకు చెప్పలేదు మేడం, వాళ్లంతా మీ మనుషులే కదా అని. "నేను చెప్తే నా పేరు మీద ఇడుస్తురు. నువ్వు నీ పేరు మీదనే పోవాలె" అంది.

సెలక్షన్‌లో నేను ఎన్ని బంతులు ఆపానో గుర్తులేదు, కానీ మైదానమంతా నా కేకలే. కొన్నాళ్లకి కబురొచ్చింది, నన్ను తీసుకున్నారని. బయల్దేరే రోజు మేడం స్టేషన్‌కి వచ్చింది. అవి తెలంగాణ కోసం సమ్మె చేస్తున్న రోజులు. వారమంతా నినాదాలిచ్చి ఆమె గొంతు పూర్తిగా పోయింది. ఏదో చెప్పబోతే గాలి తప్ప మాట రాలేదు. ఆమెకే నవ్వొచ్చింది. నా కడుపు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి తీసేసింది. రైలు కదిలాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆ పోటీలు జరిగిన దేశంలో నాకు అన్నీ వింతే. రాత్రిని పట్టపగలు చేసే దీపాలు, తివాచీ పరిచినట్టున్న గడ్డి. తలకు గుడ్డ కట్టుకుని గాలిలా పరిగెత్తే ఇరాన్ అమ్మాయిలు, నాకన్నా జానెడు పొడవున్న ఉజ్బెక్ అమ్మాయిలు. జనగణమన మొదలవగానే చొక్కా మీది దేశం పేరు ఒకసారి తడుముకున్నాను. మన జట్టులో మణిపూర్, ఒడిశా, బెంగాల్ పిల్లలు. వాళ్లకి తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. ఏ భాషలో అరవాలో తెలియక మొదటి ఆటలో నేను మళ్లీ మూగదాన్నయ్యాను. చిత్తుగా ఓడిపోయాం. ఆ రాత్రి కోచ్, ఇంకొక్క ఆట చూస్తాను, తర్వాత గోల్‌లో వేరే అమ్మాయిని పెడతానన్నారు.

రెండో ఆట ఆతిథ్య దేశంతో. వాన. వాళ్ల జనం డప్పులు. చివరి నిమిషాల్లో వాళ్లకి కార్నర్ దొరికింది. మన డిఫెండర్ సనా, మణిపూర్ పిల్ల, బంతినే చూస్తోంది. ఆమె వెనక ఒక అమ్మాయి ఖాళీగా నిలబడి ఉంది. అది కనపడేది నాకొక్కదానికే. నాకు తెలియకుండానే చెయ్యి కడుపు మీదికి పోయింది.

"ఎన్క! సనా, ఎన్క సూడు, ఎన్క!"

డప్పుల్ని దాటి వెళ్లిందా కేక. సనాకి మాట తెలియదు, కానీ గొంతు అర్థమైంది. తిరిగి చూసి ఆ అమ్మాయికి అడ్డం పోయింది. బంతి నా పిడికిలికి తగిలి బయటికి పోయింది. ఆట సమానంగా ముగిసింది. నన్నెవరూ గోల్‌లోంచి తీసెయ్యలేదు. సనా వచ్చి, "ఎన్క అంటే మీ భాషలో ఏంటి?" అని హిందీలో అడిగింది. "నా భాష కాదు, మా మేడం భాష" అన్నాను. ఆ పోటీలు అయ్యేదాకా మణిపూర్ పిల్ల మైదానమంతా "ఎన్క, ఎన్క" అని తిరిగింది.

ఆ రాత్రి మేనేజర్ ఫోన్ అడిగి మేడంకి చేశాను. "మేడం, మీరు చెప్పారు గానీ నా మాటలు రాలేదు. గడిబిడిలో మీ మాటే వచ్చింది. అరువు మాట రాదన్నారుగా?" అన్నాను. అవతల ఏమీ వినపడలేదు. ఆమె గొంతు ఇంకా వచ్చి ఉండదని అప్పుడు తట్టింది. పెట్టేద్దామా అనుకుంటుండగా ఫోన్‌లో రెండు చప్పట్లు వినిపించాయి.

మేడం పోయి ఏడాది దాటింది. నేను ఆట మానేసి కూడా చాలా కాలమైంది. మొన్న ఆటోలో ఆ పెద్దావిడ విసుగ్గా టైం అడుగుతోంది. ఒక్క సీటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆటోవాడు దగ్గుతున్నాడు. నేను ఆఫీసు సంచి సీటు మీద పెట్టి, కిందికి దిగి, కడుపు మీద చెయ్యి ఆనించుకుని పిలిచాను. మెట్రో మెట్ల మీద దిగుతున్నవాళ్లు ఆగి చూశారు. రోడ్డవతల ఒకతను చెయ్యెత్తి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం గొంతక్కా నీది" అన్నాడు ఆటోవాడు బొంగురుగా.

నాది కాదు తమ్ముడూ అందామనుకున్నాను. అనకుండా ఎక్కి కూర్చుని, ఇక పోనిమ్మని రెండు చప్పట్లు కొట్టాను.